మేనకోడలి రిపోర్టులో "ఆర్‌పీఎస్19" అని వచ్చింది. రైబోజోమ్‌లో ఈ ప్రోటీన్ పనేంటండీ?

రొయ్యల ల్యాబ్ (భీమవరం)

అందరికీ నమస్కారమండి. నేను భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను. బీఎస్సీ మైక్రోబయాలజీ అయ్యి పదకొండేళ్ళు. పొద్దున్నే హేచరీల నుంచి వచ్చిన వనామీ రొయ్యపిల్లల్ని నూరి, డీఎన్‌ఏ తీసి, వైట్ స్పాట్, ఈహెచ్‌పీ లాంటి రొయ్యల జబ్బులు ఉన్నాయా అని రైతుకి చెప్పడం నా పని. కాబట్టి పీసీఆర్ అంటే భయం లేదు, జీన్ అంటే భయం లేదు. మొన్న మా ఇంటి పిల్ల పేరు మీద జీన్ రిపోర్టు వస్తే మాత్రం కవరు చింపడానికి చెయ్యి ఆడలేదు.

విషయం ఇదండి. మా అక్కది రాజోలు దగ్గర ఊరు. పాపకి ఏడో నెల నడుస్తోంది. పుట్టిన రెండో నెల నుంచే తెల్లగా ఉండేది. మంచి రంగొచ్చిందని అందరం మురిసిపోయాం. అది రంగు కాదు, పాలిపోవడం అని ఎవరికీ తట్టలేదు. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆయాసపడి వదిలేసేది. ఒకచోట చూపిస్తే రెండు నెలలు ఐరన్ చుక్కలు వాడమన్నారు. వాడాం. హిమోగ్లోబిన్ 6 ఉన్నది 4కి దిగింది. ఆ రాత్రి చించినాడ వంతెన మీద కారులో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే. రక్తం ఎక్కించాక గంటలో పెదాలకి రంగు వచ్చింది. ఆ తర్వాత ఎముక మజ్జ పరీక్ష, చివరికి జీన్ పరీక్ష. తేల్చిన పేరు డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా, అంటే మజ్జలో ఎర్ర కణాలు సరిగ్గా తయారవ్వని జబ్బు. రిపోర్టులో "ఆర్‌పీఎస్19, ఒక కాపీలో మార్పు" అని ఉంది. కింద బ్రాకెట్లో రైబోజోమ్ ప్రోటీన్ అని.

డాక్టరుగారు మంచాయన, ఓపిగ్గానే చెప్పారు. కానీ మా వెనకాల నలభై మంది లైన్లో ఉన్నారు. ఇంటికొచ్చాక అక్క అడిగిన ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. రైబోజోమ్ అంటే ప్రోటీన్ తయారుచేసే మిషన్ అని చదువుకున్నాం కదా. ఆ మిషన్ కూడా ప్రోటీన్‌తోనే కట్టారా? పైగా అసలు పని ఆర్‌ఎన్‌ఏ చేస్తుంది, ప్రోటీన్లు ఊరికే పక్కన ఉంటాయి అని ఎక్కడో చదివాను. పక్కన ఊరికే ఉండేది ఒకటి, అదీ సగం తగ్గితే, పిల్ల రక్తం 4కి పడిపోవడమేంటి? ఒళ్ళంతా ప్రతి కణంలో ఉండే మిషన్ అయితే రక్తం ఒక్కటే ఎందుకు తగ్గింది? "ఎస్19 ప్రోటీన్" అని వెతికితే అన్నీ బ్యాక్టీరియా బొమ్మలే వస్తున్నాయి. తెలిసినవాళ్ళు కాస్త తెలుగులో చెప్పండి. అక్కకి చదివి వినిపించాలి.

గోదారి గట్టు

బాధపడకు బ్రో. గోంగూర, బీట్‌రూట్, ఖర్జూరం. మా పిన్ని కూతురికి మూడు నెలల్లో 7 నుంచి 11 అయ్యింది. ఈ జీన్ టెస్టులన్నీ డబ్బులు లాగడానికే.

బాబు అమ్మ (ముమ్మిడివరం)

గోదారి గట్టు గారూ, మీ చెల్లికి వచ్చింది ఐరన్ తక్కువై వచ్చిన అనీమియా. ఇది అది కాదు. ఈ పిల్లల్లో ఐరన్ తక్కువ ఉండదు. రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఐరన్ ఒంట్లో పేరుకుంటుంది. కొన్నాళ్ళకి దాన్ని బయటికి పంపడానికి వేరే మందు వాడాలి. మా బాబు వాడుతున్నాడు. ఏడు నెలల పిల్లకి ఖర్జూరం చెప్పే ముందు ఒక్క నిమిషం ఆగాలండి. తమ్ముడూ, నీకు తీరిగ్గా రాత్రికి రాస్తాను.

పందిళ్ళ తాతగారి మనవరాలు

తమ్ముడూ, మాది ఆచంట. ఇప్పుడు ఊళ్ళో లేను కానీ ఆరేళ్ళు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో బ్యాక్టీరియా రైబోజోమ్ ఎలా కూడుకుంటుందో చూడటమే నా పని. డాక్టరేట్ ఉంది కానీ మందులు రాసే డాక్టర్ని కాను. పాపకి ఏం వాడాలో పాప డాక్టరే చెప్పాలి. మిషన్ సంగతి నేను చెప్తాను.

ముందు పేర్ల గొడవ. ఆర్‌పీఎస్‌లో ఉన్న "ఎస్" అంటే స్మాల్. రైబోజోమ్‌లో చిన్న ముక్క, పెద్ద ముక్క అని రెండు ఉంటాయి. చిన్న ముక్కలో ప్రోటీన్లకి ఎస్, పెద్ద ముక్కలో వాటికి ఎల్. అదే 40ఎస్, 60ఎస్ అన్నప్పుడు ఆ ఎస్ వేరు. అది స్వెడ్‌బర్గ్, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎంత వేగంగా అడుక్కి దిగుతుందో చెప్పే లెక్క. బరువు లెక్క కాదు కాబట్టి బ్యాక్టీరియాలో 30, 50 కలిస్తే 70 అవుతుంది. మనలో 40, 60 కలిస్తే 80. మొదటి ఏడాది ఇది నాకూ బుర్రకెక్కలేదు, గైడ్‌ని అడగడానికి మొహమాటం.

ఇంకో తిరకాసు ఉంది. బ్యాక్టీరియా ఎస్19కీ మన ఆర్‌పీఎస్19కీ నంబరు కలిసిందంతే, చుట్టరికం లేదు. ఎవరికి వారు నంబర్లు వేసుకుంటూ పోయారు. బ్యాక్టీరియా ఎస్19కి మనలో చుట్టం ఆర్‌పీఎస్15. ఈ తలనొప్పి పడలేకే 2014లో అందరూ కూర్చుని కొత్త పేర్లు పెట్టారు. వాటి ప్రకారం పాప రిపోర్టులో ఉన్నది ఈఎస్19. బ్యాక్టీరియాలో దానికి జోడీ లేదు. నువ్వు చూస్తున్న ఆ బొమ్మలు మూసెయ్.

ఇక అసలు ప్రశ్న. ఆర్‌ఎన్‌ఏనే పని చేస్తుందని నువ్వు చదివింది నిజమే. 2000లో యేల్‌లో స్టైట్జ్, మూర్ వాళ్ళ బృందం డెడ్ సీలో బతికే ఒక సూక్ష్మజీవి రైబోజోమ్ పెద్ద ముక్కని అణువు అణువునా చూశారు. అమైనో ఆమ్లాన్ని అమైనో ఆమ్లానికి అతికించే చోటికి 18 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా (అణువుల దూరాలు కొలిచే కొలత అది) ఒక్క ప్రోటీన్ కూడా కనపడలేదు. చుట్టూ అంతా ఆర్‌ఎన్‌ఏ. స్టైట్జ్‌కీ, చిన్న ముక్కని చూపించిన మన చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కీ, వీళ్ళందరికంటే ముందు రైబోజోమ్‌ని స్ఫటికం చెయ్యడం మొదలుపెట్టిన అదా యోనాత్‌కీ కలిపి 2009లో నోబెల్ ఇచ్చారు. అక్కణ్ణుంచి చాలామంది "ప్రోటీన్లు ఊరికే అలంకారం" అనేశారు. నాకు ఒళ్ళు మండే మాట అది.

మా తాతయ్య పెళ్ళిపందిళ్ళు వేసేవాడు. షామియానాలు రాకముందు మాట. వెదురు బొంగులు, గుంజలు, పైన తాటాకు. నేను బడి ఎగ్గొట్టి ఆయన వెంట కొబ్బరి తాడు ముక్కలు పట్టుకుని తిరిగేదాన్ని. పందిరి బరువు మోసేది బొంగే. తాడు బరువెంత, పిడికెడు. కానీ కట్టు పడకపోతే ఆ బొంగులు నేల మీద పడుండే కట్టెలు. ఇంకో సంగతి, కట్లకి వరస ఉంటుంది. మూలగుంజకి అడ్డబొంగు బిగిస్తేనే దాని మీద వాసం ఆనే చోటు ఏర్పడుతుంది. వాసం ఆనితేనే నడిమి కట్టు ఎక్కడ వెయ్యాలో కనపడుతుంది. నేను ఒకసారి తొందరపడి పై కట్టు ముందు వేస్తే, తాతయ్య ఏం అనకుండా కొడవలితో కోసి, తాడు మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

రైబోజోమ్‌లో బొంగు ఆర్‌ఎన్‌ఏ, కట్లు ప్రోటీన్లు. బ్యాక్టీరియా చిన్న ముక్కలో ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే పొడుగాటి గొలుసు, 1,542 అక్షరాలు. కట్లు 21. దాని మానాన దాన్ని వదిలేస్తే ఆ గొలుసు ఎటుపడితే అటు మడతలు పడిపోతుంది. ఎస్4, ఎస్7, ఎస్8, ఎస్15, ఎస్17, ఎస్20 ఈ ఆరూ ఎవరి సాయం లేకుండా వట్టి ఆర్‌ఎన్‌ఏ మీదే వాలగలవు. ఎస్15 సంగతి చూడు. మూడు కొమ్మలు కలిసే ఒక సందులో అది కూర్చోగానే ఆ కొమ్మలు ఒక పక్కకి సర్దుకుంటాయి. సర్దుకున్నాకే ఎస్6, ఎస్18 జంటకి చోటు దొరుకుతుంది. అవి కుదురుకున్నాకే ఎస్11, ఎస్21. పై కట్టు ముందు వెయ్యడం కుదరదు, అక్కడ చోటే పుట్టదు మరి.

ఇదంతా ఎలా తెలిసిందంటే 1968లో విస్కాన్సిన్‌లో నోమురా, ట్రాబ్ అని ఇద్దరు చిన్న ముక్కని పూర్తిగా విప్పేశారు. ఆర్‌ఎన్‌ఏ ఒక పక్క, ప్రోటీన్లు ఒక పక్క. మళ్ళీ ట్యూబులో కలిపి వెచ్చబెడితే ముక్క తనంతట తను లేచింది, ప్రోటీన్ తయారీలో పనికొచ్చింది. తర్వాత ఒక్కో ప్రోటీన్ మానేసి కలుపుతూ, ఏది లేకపోతే ఏది ఎక్కడం లేదో చూసి మొత్తం వరస పటం గీశారు. వెచ్చబెట్టడం మర్చిపోతే మాత్రం సగంలో ఆగుతుంది. 21ఎస్ దగ్గర నిలబడిపోయే ఒక అర పందిరి వస్తుంది. దానికి 40 డిగ్రీల వేడి తగిలితే మిగిలిన మడత పడి ముందుకెళ్తుంది. కణంలో అంత వేడి పెట్టరు కాబట్టి అక్కడ సాయం పట్టే వేరే ప్రోటీన్లు ఉంటాయి. పని అయ్యాక అవి దిగి వెళ్ళిపోతాయి, పందిరి మీద తాటాకు కప్పే మనుషుల్లాగా. బ్యాక్టీరియాలో ఇవి కొన్ని పదులు, మనలో 200 పైనే.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా. సాయం పట్టే ప్రోటీన్ ఒకటి తీసేసిన బ్యాక్టీరియాని చల్లటి చోట పెంచి, పగలగొట్టి, పైనుంచి కిందికి చిక్కబడే చక్కెర పాకం మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాం. మామూలుగా అయితే గ్రాఫ్‌లో చిన్న ముక్కకో కొండ, పెద్ద ముక్కకో కొండ, రెండూ కలిసినదానికి అన్నిటికన్నా పెద్ద కొండ. ఆ రోజు పెద్ద కొండ సగానికి దిగిపోయింది. 30 దగ్గర ఉండాల్సిన కొండ ఎడమపక్కకి భుజంలా జారింది. అవన్నీ అర పందిళ్ళు. పాప మజ్జలో జరుగుతున్నది దీనికి దగ్గర పని.

మనలో కట్లు 80 రకాలు. చిన్న ముక్కలో 33, పెద్ద ముక్కలో 47. వీటి ప్రయాణం కాస్త చుట్టు దారి. ప్రోటీన్ తయారయ్యేది కేంద్రకం బయట. ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేది కేంద్రకం లోపల, కేంద్రకాంశంలో. అందుకని ప్రతి కట్టూ బయట పుట్టి, లోపలికి పోయి, ఆర్‌ఎన్‌ఏ మీద కూర్చుని, ముక్కతో పాటు మళ్ళీ బయటికి రావాలి. లంకలో దింపిన కాయని పడవ మీద గట్టుకి తెచ్చి, ఒలిచి, మళ్ళీ లంకకే పంపినట్టు. ఆర్‌పీఎస్19 చిన్న ముక్క తలభాగంలో కూర్చుంటుంది. ఆర్‌ఎన్‌ఏ మొదట పొడుగ్గా పుడుతుంది, అటూ ఇటూ కత్తిరించాలి. ఆర్‌పీఎస్19 అందకపోతే 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ (మన చిన్న ముక్కలో బొంగు అదే) తోక పక్క కత్తిరింపు ఆగిపోతుంది. కత్తిరింపు అవ్వని ముక్క కేంద్రకం గడప దాటదు.

పాపలో ఒక కాపీ బాగుంది, ఒకటి చెడింది. కట్టు సగం మాత్రమే అందుతోంది. 79 రకాల తాడు నిండా ఉన్నా, ఎనభయ్యోది సగమే ఉంటే పందిళ్ళు ఆ సగాన్ని బట్టే లేస్తాయి. లేచిన పందిరి మాత్రం గట్టిదే. 2018లో డైమండ్ బ్లాక్‌ఫాన్ కణాల్ని చూసినవాళ్ళు కనిపెట్టింది అదే: రైబోజోమ్‌లు తక్కువ ఉన్నాయి, కానీ ఉన్నవాటి కూర్పులో తేడా లేదు.

కట్టి వదిలేశాక ప్రోటీన్లకి ఇక పని లేదా అంటే, ఉంది. బ్యాక్టీరియా ఉదాహరణలే చెప్తా, నీకు ల్యాబ్‌లో తగిలేవి కాబట్టి. ఎస్12 అక్షరాలు చదివే చోట కాపలా. దానిలో ఒక అక్షరం మారితే స్ట్రెప్టోమైసిన్ పనిచెయ్యదు. టీబీ క్రిమి మందుకి లొంగకుండా పోయే దారుల్లో ఇదొకటి. ఎల్7, ఎల్12 అని రాస్తారే, అది నిజానికి ఒకటే ప్రోటీన్. పెద్ద ముక్క పక్కన కొమ్ములా సాగి, బయట తిరిగే సహాయక ప్రోటీన్లని చెయ్యి పట్టి లోపలికి లాగుతుంది. మిగతావన్నీ రైబోజోమ్‌కి ఒక్కొక్కటే, ఇది మాత్రం ఈ.కోలై బ్యాక్టీరియాలో నాలుగు ప్రతులు. కొత్తగా అల్లిన ప్రోటీన్ బయటికొచ్చే సొరంగంలో ఇరుకు చోట ఎల్4, ఎల్22 ఉంటాయి. సొరంగం మూతి దగ్గర ఎల్23 నిలబడి, బయటికి వచ్చిన పిల్ల ప్రోటీన్‌ని సరిగ్గా మడత పెట్టేవాళ్ళకి అప్పగిస్తుంది. రొయ్యల్లో మిగిలిపోయిందేమోనని నువ్వు చూసే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కూర్చునేది ఆ అతికించే చోటే, ఆర్‌ఎన్‌ఏ మీద. ఆక్సీటెట్రాసైక్లిన్ చిన్న ముక్క మీద. నువ్వు జీతం తీసుకునేది రైబోజోమ్ మందుల మీద, తెలియక అడుగుతున్నావ్.

రొయ్యల ల్యాబ్ (భీమవరం)

అక్కా, దణ్ణం. రెండుసార్లు చదివాను. అక్కకి పందిరి ముక్క చదివి వినిపిస్తే, "నా పెళ్ళికి వేసింది కూడా అలాగే" అంది.

నాకు రెండు డౌట్లు మిగిలాయి. రైబోజోమ్ ప్రోటీన్‌ని తయారుచేసేది కూడా రైబోజోమే కదా. మరి మొదటిదాన్ని ఎవరు చేశారు? రెండోది మొదటి పోస్టులో అడిగిందే. పాప బొద్దుగా ఉంది, నవ్వుతుంది, జుట్టు ఒత్తుగా ఉంది. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు రిపోర్టులో మామూలుగానే ఉన్నాయి. ఎర్ర కణాల మీదే ఎందుకు పగ?

ఇంకోటి అడగాలంటే సిగ్గుగా ఉంది. అత్తగారు గ్రహణం రోజు అక్క బయటికొచ్చిందని అంటున్నారు. అక్క పైకి ఏమీ అనడం లేదు కానీ రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు.

పందిళ్ళ తాతగారి మనవరాలు

ముందు ఆఖరిది. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు ఒక చోట అక్షరం తప్పు పడింది. సగం మందికి పైగా పిల్లల్లో ఆ తప్పు కొత్తగా వస్తుంది, అమ్మానాన్నల్లో ఉండదు. మిగతావాళ్ళలో తల్లికో తండ్రికో అదే మార్పు ఉంటుంది, వాళ్ళకి రక్తం మామూలుగానే ఉండొచ్చు కూడా. గ్రహణానికి, తిన్నదానికి, తిరిగినదానికి సంబంధం లేదు. మీ అక్కకి ఇది ఒకసారి కాదు, రోజూ చెప్పు. అత్తగారికి కూడా నువ్వే చెప్పు, మీ బావగారి చేత కాదు. మేనమామ మాట వింటారు.

మొదటి రైబోజోమ్ సంగతి: పెరుగుకి తోడు లాంటిదే. మీ ఇంట్లో ఇవాళ్టి పెరుగుకి నిన్నటి పెరుగు తోడు, దానికి మొన్నటిది. పాప మొదలైన అండంలో మీ అక్క చేసి పెట్టిన రైబోజోమ్‌లు ఉన్నాయి. వాటితోనే పాప తన మొదటి రైబోజోమ్ ప్రోటీన్లు చేసుకుంది. మీ అక్కకి మీ అమ్మ అండంలోవి. ఎక్కడా సున్నా నుంచి మొదలవ్వలేదు. భూమి మీద మొట్టమొదటి తోడు ఎక్కడిదంటే, అప్పటికి ప్రోటీన్లే లేని వట్టి ఆర్‌ఎన్‌ఏ మిషన్ ఏదో ఉండేదని ఎక్కువమంది అనుకుంటున్నారు. మధ్యలో ప్రోటీన్ లేకుండా ఆర్‌ఎన్‌ఏనే మిగలడం దాని ఆనవాలు అంటారు.

ఇక రక్తం. పాప రిపోర్టులో రెటిక్యులోసైట్ అని ఒక లైను ఉంటుంది చూడు. బాగా తక్కువ ఉండి ఉంటుంది, చాలాసార్లు సున్నాకి దగ్గర. రెటిక్యులోసైట్ అంటే మజ్జలోంచి అప్పుడే బయటికొచ్చిన లేత ఎర్ర కణం. కేంద్రకం వదిలేసింది, కానీ రైబోజోమ్‌లు ఇంకా లోపల ఉన్నాయి. బతికున్న కణానికి న్యూ మిథిలీన్ బ్లూ అనే రంగు పెడితే ఆ రైబోజోమ్‌ల ఆర్‌ఎన్‌ఏ ముద్ద కట్టి నీలం వలలా కనపడుతుంది. రెటిక్యులం అంటే వల అనే. అంటే ఆ లైను రైబోజోమ్‌ల్ని కంటితో చూసి రాసిన లెక్క. ఒకటి రెండు రోజుల్లో ఆ వల కరిగిపోయి మామూలు ఎర్ర కణం అవుతుంది, ఇక దానిలో రైబోజోమ్ ఉండదు.

పెద్ద మనిషి మజ్జ సెకనుకి దాదాపు 20 లక్షల ఎర్ర కణాలు వదులుతుంది. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. అన్నీ కణం తయారయ్యే కొద్ది రోజుల్లోనే, ఉన్న రైబోజోమ్‌లతోనే అల్లాలి. పెళ్ళిళ్ళ సీజన్‌లో పందిరివాళ్ళకి మనుషులు తక్కువైతే మిగతా రోజుల్లో కనపడని లోటు అప్పుడు కనపడుతుంది. అలాంటి తొందర చర్మానికి లేదు, కండకి లేదు.

దానికి తోడు ఇంకో రెండు ఉన్నాయి. గాటా1 అని ఒక ప్రోటీన్, ఎర్ర కణం అవ్వమని మజ్జ కణానికి ఆజ్ఞ ఇచ్చేది. రైబోజోమ్‌లు తగ్గినప్పుడు అన్ని ప్రోటీన్లూ సమానంగా తగ్గవు, కొన్ని ఎంఆర్‌ఎన్‌ఏలు (రైబోజోమ్ చదివి ప్రోటీన్ అల్లే చీటీలు) పోటీలో వెనకబడతాయి. గాటా1 అలా వెనకబడేవాటిలో ఒకటి. రైబోజోమ్ ప్రోటీన్లన్నీ బాగున్నా గాటా1 జీన్ చెడి ఇదే జబ్బు వచ్చిన పిల్లలు ఉన్నారు. అందుకే ఈ లింకు మీద నమ్మకం ఎక్కువ.

రెండోది పని ఆగినప్పుడు జరిగే అలారం. ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 అనే రెండు కట్లు, 5ఎస్ అనే పొట్టి ఆర్‌ఎన్‌ఏతో కలిసి ఒక జట్టు. కూర్పు సాఫీగా సాగుతుంటే ఈ జట్టు పెద్ద ముక్కలోకి వెళ్ళి కూర్చుంటుంది. సాగకపోతే ఖాళీగా తిరిగి ఎండీఎం2 అనే దాన్ని పట్టుకుంటుంది. ఎండీఎం2 పని పీ53 అనే కాపలా ప్రోటీన్‌ని ఎప్పటికప్పుడు తీసిపారెయ్యడం. దాని చేతులు కట్టేస్తే పీ53 పెరుగుతుంది, కణాన్ని ఆపేస్తుంది లేదా చంపేస్తుంది. లేత ఎర్ర కణాలు దీనికి తొందరగా లొంగిపోతాయి. తమాషా ఏమిటంటే ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 జీన్లే చెడినా ఇదే జబ్బు వస్తుంది, వాళ్ళలో కొందరికి బొటనవేలు, అంగిలి తేడాగా ఉంటాయి. ఈ జబ్బు వర్ణన 1938 నాటిది. ఆర్‌పీఎస్19తో లింకు 1999లో తెలిసింది. రైబోజోమ్ ప్రోటీన్ చెడితే మనిషికి జబ్బు వస్తుందని మొట్టమొదట తేలింది దీనితోనే. పాపలో చెడింది ఆ జీనే, ఈ జబ్బున్న ప్రతి నలుగురిలో ఒకరికి అదే.

ఒక పక్క మాట. నీ క్లోరాంఫెనికాల్ మనుషుల్లో మజ్జని అణుస్తుంది కదా. మన కణాలకి శక్తి చేసిపెట్టే మైటోకాండ్రియాలో బ్యాక్టీరియా బాపతు రైబోజోమ్‌లు ఉన్నాయి, ఆ మందు వాటి మీద కూడా కూర్చుంటుంది. మందు ఆపితే తగ్గే రకం అణచివేత దానివల్లే. చూశావా, ఎటు తిరిగి రైబోజోమ్ మీద దెబ్బ పడినా ముందు ఏడ్చేది మజ్జే.

బాబు అమ్మ (ముమ్మిడివరం)

తమ్ముడూ, పైన మేడం గారు చెప్పినంత సైన్స్ నాకు రాదు. మా బాబుకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మూడో నెలలో తెలిసింది. నాకు తెలిసింది నాలుగు ముక్కలు రాస్తా, మీ డాక్టరుగారిని అడిగి చూసుకో.

ఏడాది నిండేదాకా స్టెరాయిడ్ మొదలుపెట్టకుండా రక్తం మీదే నడిపారు. ఎదుగుదల ఆగుతుందని, టీకాలు ఉంటాయని. మూడు నాలుగు వారాలకోసారి. తర్వాత స్టెరాయిడ్ ఇస్తే మొదట్లో ఎక్కువమంది పిల్లలకి పనిచేస్తుంది, పదిలో ఎనిమిది మందికి అన్నారు. మావాడికి పనిచేసింది, రెండేళ్ళ తర్వాత మోతాదు పెంచాల్సి వస్తుంటే ఆపేసి మళ్ళీ రక్తానికి వచ్చాం. అయిదుగురిలో ఒకరికి పెద్దయ్యేలోపు ఏ మందూ అక్కర్లేకుండా నిలబడుతుందని కూడా చెప్పారు. నేను దాని మీద ఆశ పెట్టుకోను, అలాగని వదులుకోను.

ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే పరీక్ష) కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టు. రక్తం ఎక్కించిన తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు, ముందు హిమోగ్లోబిన్ ఎంత, అన్నీ ఒక నోటుబుక్కులో. మేము మొదటి ఏడాది రాయలేదు, తర్వాత అడిగితే నోరు వెళ్ళబెట్టాం. మజ్జ మార్పిడి మాట వస్తే, అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఇవ్వాలంటే వాళ్ళకి ముందు ఇదే జీన్ పరీక్ష చెయ్యాలి. పైకి బాగున్నవాళ్ళలో కూడా అది ఉండొచ్చట. మా పెద్దమ్మాయికి చేశారు, లేదు.

రక్తం కోసం గ్రూపు ఏర్పాటు చేసుకో. మా ఊళ్ళో కొబ్బరి దింపే కుర్రాళ్ళు ఇరవై మంది వంతులేసుకుని ఇస్తారు. వర్షాకాలంలో, గోదారి పొంగినప్పుడు దారులు మూసుకుపోతాయి, ఆ వారం ముందే ఎక్కించమని అడుగు. ఏ యేడాది వరదకి మేము ఇబ్బంది పడ్డామో చెప్పను, గుర్తొస్తే ఇప్పటికీ చెమటలు పడతాయి.

అక్కకి నా మాటగా చెప్పు, నేను కూడా మొదటి ఆరు నెలలు నిద్రపోలేదు అని.

గోదారి గట్టు

సారీ అండి, తెలియక రాశాను. నాది ఓ పాజిటివ్. పాపది ఏ గ్రూపు?

రొయ్యల ల్యాబ్ (భీమవరం)

పాపది కూడా ఓ పాజిటివేనండి. మీకు మెసేజ్ పెట్టాను.

అక్కా, నువ్వు చెప్పిన లైను రిపోర్టులో చూశాను. రెటిక్యులోసైట్ 0.1. మామూలు ఎంత ఉండాలో కింద రాసుంది, 0.5 నుంచి 2 దాకా. ఆ కాగితం నా దగ్గర నెల నుంచి ఉంది, ఆ లైను మీద నా కన్ను ఒక్కసారీ ఆగలేదు.

నిన్న సాయంత్రం పాలకొల్లులో మా ఫ్రెండ్ డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్ళాను. నా వేలు పొడిపించుకుని, వాడి దగ్గరున్న న్యూ మిథిలీన్ బ్లూతో కలిపి, పావుగంట ఆగి స్లైడ్ వేశాం. మొదట్లో ఏమీ దొరకలేదు, అన్నీ ఖాళీ కణాలే. వంద దాటి లెక్కపెట్టాక ఒకటి కనపడింది. కణం నిండా నీలం పోగులు, నిజంగా చేపల వల ముడిపడినట్టే. రోజూ మైక్రోస్కోప్ చూసేవాణ్ణి, రొయ్య గట్ తప్ప ఇంకేం చూశాను.

ఫోన్‌లో ఫొటో తీసుకుని రాజోలు వెళ్ళాను. అత్తగారు, బావగారు, అక్క ముగ్గురూ అరుగు మీదే ఉన్నారు. తప్పు ఎక్కడ పడిందో అక్షరాలు గీసి చెప్పాను. అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే గ్రహణం కాదంటావా" అన్నారు. కాదండి అన్నాను. లేచి లోపలికెళ్ళి పాపకి నలుగు పెట్టడానికి పిండి కలిపారు.

అక్క ఫోన్ తీసుకుని ఫొటో పెద్దది చేసి చూసింది. "ఇవేనా దానికి లేనివి" అంది. లేవని కాదు, తక్కువ అన్నాను.

అక్కా బావల శాంపిల్స్ కొరియర్‌లో వెళ్ళాయి, మూడు వారాలు పడుతుందట. మంగళవారం పాపకి రక్తం. నోటుబుక్కు కొన్నాను, మొదటి పేజీలో పాత తేదీలన్నీ గుర్తున్నంత వరకు రాశాం.